వైరు పీకి చూడమన్న ఆపా

ఆపా పోయిందన్న కబురు వచ్చిన పూట మా ఆఫీసు వాట్సాప్ గ్రూపు నిండా పువ్వులూ, జోడించిన చేతులూ. ఒకడు సౌమ్యురాలన్నాడు. ఇంకొకామె ఎవరినీ నొప్పించని మనిషి అంది. మా బాస్ అయితే "మా సంస్థకు వెన్నెముక" అంటూ పేరాలకు పేరాలు పెట్టాడు. అది ఏఐ రాసిపెట్టిందని చదవగానే తెలిసిపోతోంది. అతను సొంతంగా రాస్తే అన్ని కామాలు పెట్టడు.

నేను ఒప్పుకోను. ఆమె సౌమ్యురాలు కాదు. ఆమె ఎదురుగా కూర్చుంటే ఏసీ గదిలో కూడా చెమట పట్టేది. ఎవరినీ నొప్పించకపోవడం ఏమిటి? మా ఆఫీసులో ఆమె చేత మాట పడనివాడు ఎవడైనా ఉంటే, వాడు ఆ రోజుల్లో లాంగ్ లీవులో ఉండి ఉంటాడు. పోయిన మనిషి మొహానికి పౌడరు రాసి పటం కట్టెయ్యడం నాకు నచ్చదు. అందులోనూ ఈ మనిషికి. ఆమె గయ్యాళి, మొండి, అనుమానపు మనిషి. నాకు అలాగే కావాలి.

ఆపా అంటే ఉర్దూలో అక్క అని. ఇంటివాళ్ళు అలా పిలుస్తుంటే విని మేమూ అలవాటు చేసుకున్నాం. వాళ్ళది వన్‌టౌన్. తండ్రి దర్జీ. ఓడల మీద పనిచేసేవాళ్ళకి యూనిఫాంలు కుట్టేవాడు. మా ఆఫీసు మద్దిలపాలెంలో, బస్సు డిపోకి ఎదురుగా, చెప్పుల షాపు మీది అంతస్తు. మా నాన్న కృష్ణా జిల్లా నుంచి స్టీల్‌ప్లాంటు ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు కాబట్టి నేను ఈ ఊరివాణ్ణే, అయినా నా మాట తేడాగా ఉంటుందని ఆపా చివరిదాకా ఏడిపించింది.

మా పని చిన్న చిన్న ఫ్యాక్టరీలకీ, ఆటోనగర్ వర్క్‌షాపులకీ సాఫ్ట్‌వేరు చేసిపెట్టడం. ఇదివరకు కోడు మేమే రాసేవాళ్ళం. ఇప్పుడు ఏఐ ఏజెంటు రాస్తుంది, మేం దానికి సూచనలు రాస్తాం. ప్రతి ప్రాజెక్టుకీ ఒక సూచనల ఫైలు ఉంటుంది. ఏం కట్టాలి, ఏం ముట్టుకోకూడదు, పని అయిందో లేదో ఎలా చూసుకోవాలి, అన్నీ అందులో ఉండాలి. ఏజెంటు పని మొదలెట్టిన ప్రతిసారీ ఆ ఫైలు చదువుకుంటుంది. నిన్న చెప్పింది దానికి ఈవేళ గుర్తుండదు. ఆ ఫైళ్ళు పనికొస్తాయో రావో తేల్చడం ఆపా ఉద్యోగం. ఆమె ఓకే మీట నొక్కితే తప్ప ఏదీ కస్టమరుకి వెళ్ళకూడదని మా బాసే నియమం పెట్టాడు. పెట్టినప్పుడు అతనికి ఆమె సంగతి ఇంకా తెలీదు.

ఫైలు ఇచ్చామంటే ముందు కళ్ళజోడు నెత్తి మీదికి తోసేది. కళ్ళజోడు తీసేసి చదివే మనిషిని నేను ఆమెనే చూశాను. తర్వాత పైకి చదవడం మొదలుపెట్టేది, అందరికీ వినబడేలా, ప్రతి లైను దగ్గరా ఆగుతూ. మనం రాసింది మన ఎదురుగా ఇంకొకరు గట్టిగా చదువుతుంటే ఎంత సిగ్గుగా ఉంటుందో పడ్డవాడికి తెలుస్తుంది.

"'కోడు శుభ్రంగా రాయవలెను.' శుభ్రం అంటే ఏటి తమ్ముడూ? సబ్బెట్టి కడగాలా?"

"అదే ఆపా, నీట్‌గా..."

"నీట్‌గా అంటే ఏటి? అది నీట్‌గా రాసిందో లేదో నానెలా సూడాల? సూడ్డానికి దారి లేని మాట ఎందుకు రాసినావ్? ఈ లైను తీసీస్తే ఏటి సెడిపోద్ది?"

ఏమీ చెడిపోదు. ఆ ప్రశ్నకి సమాధానం ఎప్పుడూ అదే. లైను కొట్టేసి కిందిదానికి వెళ్ళేది.

మా వాళ్ళకి ఒక రోగం ఉండేది. ఏజెంటు ఏదైనా తప్పు చేసిందంటే, ఆ తప్పు చెయ్యొద్దని ఫైల్లో ఇంకో లైను చేర్చేవాళ్ళు. మళ్ళీ చేస్తే అదే లైను పెద్దక్షరాల్లో. ఇంకా చేస్తే ముందు "అత్యంత ముఖ్యం" అని తగిలించేవాళ్ళు. ఒక్క లైను తీసెయ్యడానికి మాత్రం ఎవరికీ చెయ్యాడేది కాదు, ఎవరు ఎందుకు రాశారో అని భయం. అలా ఫైళ్ళు ఉబ్బిపోయి, పైన ఒద్దన్నది కింద చెయ్యమని చెప్పేవి. ఆపా వాటిని చూసి, "ఇందులో అన్నీ ముఖ్యమే. అన్నీ అరుపులే. అరుపుల మధ్యన పాపం అది ఎవుల మాట ఇంటాది?" అనేది. యంత్రాన్ని "పాపం" అనేది. మమ్మల్ని ఎప్పుడూ అనలేదు.

ఆమె అసలు పరీక్ష వేరే. ఫైలు తీసుకుని, ఆ ప్రాజెక్టు గురించి ఏమీ తెలియని మూడు కొత్త ఏజెంట్లకి విడివిడిగా ఇచ్చేది. నోటిమాట సాయం ఉండదు. మూడూ ఒకే రకం పని చేసుకొస్తే ఫైలు పాస్. తలో రకంగా చేస్తే తప్పు ఏజెంటుది కాదు, రాసినవాడిది. ఇది ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే వాళ్ళ నాన్న షాపు గురించి చెప్పింది. కొలతల చీటీ ఒకటే ఇద్దరు కటింగు మాస్టర్లకి ఇచ్చి గుడ్డ కోయించేవాడట. రెండు చొక్కాలూ రెండు రకాలుగా వస్తే మాస్టర్లని ఏమీ అనకుండా చీటీ రాసినవాణ్ణి పిలిచి తిట్టేవాడు. చాలాసార్లు చీటీ రాసింది ఆయనే అయ్యేదట. అప్పుడు తనని తనే గట్టిగా తిట్టుకునేవాడట, గిరాకీ ముందరే. "అందుకే ఆ షాపు పెద్దది అవలేదు" అని ఆపా నవ్వేది. దండగపడ్డ గుడ్డ గురించి వాళ్ళమ్మ వేరే తిట్టేదట.

ఒకసారి మా ఆవిడ అడిగితే బిర్యానీ ఎలా చెయ్యాలో రాసివ్వమన్నాను. రాసిచ్చింది. అందులో "రుచికి తగినంత" అనే మాట లేదు. ఉప్పు ఎంతో, ఏ చెంచాతోనో, బియ్యం సగం ఉడికిందని ఎలా చూడాలో, మెతుకు నలిపితే లోపల ఎంత పలుకు తగలాలో, అన్నీ ఉన్నాయి. తగినంత అని రాస్తే సరిపోయేదిగా అన్నాను. "తగినంత అంటే ఎంతో తెలిసినోల్లకి వంట రాసివ్వడం దేనికి? తెలవనోల్లకి రాసిత్తే ఆల్లకేటి ఉపయోగం?" అంది. మా ఆవిడకి ఆ బిర్యానీ మొదటిసారికే కుదిరింది. నాకు మాత్రం ఆ రోజు నుంచి వంటల పుస్తకాలు చదివితే నవ్వొస్తుంది.

ఇలా చెబుతుంటే ఆమె ఏదో మహా తెలివైన పెద్దమనిషిలా కనబడుతోందేమో. కాదు. అన్యాయంగా కూడా మాట్లాడేది. కొత్తగా చేరిన ఒక అమ్మాయి ఫైలంతా దయచేసి, దయచేసి అని రాస్తే, అందరి ముందూ "అర్జీ రాసినావేటి?" అని ఏడిపించింది. ఆ పిల్ల నిజంగానే ఏడ్చింది. ఆపా సారీ చెప్పలేదు. మర్నాడు తన ఫ్లాస్కులో చాయ్ ఆ పిల్ల కప్పులో పోసింది. ఆ ఫ్లాస్కు చాయ్ ఇంకెవరికీ పోసేది కాదు, నేనెన్నిసార్లు కప్పు చాపినా.

ఇక రొయ్యల ఫ్యాక్టరీ సంగతి. మిగతావన్నీ చెప్పింది ఇది చెప్పడానికే.

ఫిషింగ్ హార్బరు వైపు ఒక రొయ్యల ఫ్యాక్టరీ మాకు పని ఇచ్చింది. రొయ్యల్ని గడ్డకట్టించే యంత్రాల్లో అమ్మోనియా గ్యాసు తిరుగుతుంటుంది. పక్క షెడ్డులోనే ఆడవాళ్ళు వరసగా నిలబడి రొయ్యలు ఒలుస్తుంటారు. గ్యాసు లీకైతే కళ్ళు మండుతాయి, ఊపిరి అందదు. ఒకసారి గ్యాసు లీకై నిద్రలోనే జనం పోయిన ఊరు ఇది, గాలి గురించి ఈ ఊరివాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. షెడ్డు గుమ్మం దగ్గర ఒక తెర పెట్టి, లోపలి సెన్సరు పంపే రీడింగు చూపించాలి. గాలి బాగుంటే పచ్చ, బాగోకపోతే ఎరుపు, గంట. చిన్న పనే.

మొదటి డెమోలో తెర మీద ఏదో ఎర్రర్ వచ్చింది. ఫ్యాక్టరీ మేనేజరు విసుక్కున్నాడు. ఆ సాయంత్రమే మా బాస్ సూచనల ఫైల్లో తన చేత్తో ఒక లైను రాశాడు: "తెర మీద ఎర్రర్ ఎట్టి పరిస్థితుల్లోనూ కనబడకూడదు." పెద్దక్షరాల్లో, ముందు "అత్యంత ముఖ్యం"తో.

అప్పటికే అతను ఇంకో యంత్రం తెచ్చాడు. అది సూచనల ఫైలు చదివి నూటికి ఇన్నని మార్కులు వేస్తుంది. ఈ ఫైలుకి తొంభై పైన వేసింది. నిడివి బాగుంది, మర్యాద బాగుంది, సమగ్రంగా ఉంది అని మెచ్చుకుంది.

"సూసినావా ఆపా, తొంభై దాటింది" అన్నాడు బాస్.

"మార్కులేసినోడూ రాసినోడూ ఒకే బళ్ళో సదివినారు కదేటి. ఆల్లకి ఆల్లు బాగానే ఏసుకుంటారు. దీనితో కట్టింది నాకు సూపించు."

డెలివరీకి ముందు మీటింగు. బల్ల మీద తెర, సెన్సరు. మేనేజరు, బాస్, నేను, ఆపా. తెర పచ్చగా వెలుగుతోంది. ఆపా కళ్ళజోడు నెత్తి మీదికి తోసి, లేచి, సెన్సరు వైరు ప్లగ్గు పట్టుకుని పీకేసింది.

తెర పచ్చగానే ఉంది.

మేనేజరు మొహం విప్పారింది. "బాగుంది సార్! ఈసారి ఎర్రర్ రాలేదు" అన్నాడు. బాస్ కూడా నవ్వాడు. నిజంగా సంతోషించాడు. అతను అడిగింది అదే, ఏజెంటు చేసింది అదే. కొత్త రీడింగు రాకపోతే ఎర్రర్ చూపించొద్దన్నారు కాబట్టి అది పాత రీడింగునే చూపిస్తూ కూర్చుంది. అది మాట తప్పలేదు.

ఆపా వైరు చేత్తో పైకెత్తింది. "ఇది నా సేతిలో ఉంది. అదేమో గాలి బాగుందంతంది. ఏ గాలి? ఎక్కడి గాలి? లోపల ఆడోల్లు ఊపిరి పీలుత్తన్నారు బాబూ."

"నెక్స్టు వెర్షన్లో సూసుకుందాం ఆపా. ఈయాల డెలివరీ ఇచ్చీవాల. ఓకే కొట్టీ" అన్నాడు బాస్.

"కొట్టను."

"వైరెందుకూడిపోద్ది ఆపా? ఎవుడు పీకుతాడు?"

"తుప్పు పీకుద్ది. ఎలక పీకుద్ది. ఉప్పుగాలి పీకుద్ది. నాను ఓకే కొట్టను."

"అయితే ఆ సీటెందుకు నీకు?"

"సీటు నీదే, తీసుకో. ఓకే నాది, అది ఇవ్వను."

ఈ మాట ఆమె అరిచి అనలేదు. చాలామందికి ఆమె అరుపులే గుర్తున్నాయి, నాకు ఈ గొంతు గుర్తుంది. బ్యాగు తగిలించుకుని, ఫ్లాస్కు తీసుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి రావద్దని మెసేజి వచ్చింది. ఓకే మీట మార్కుల యంత్రానికి అప్పగించారు. తెర వెళ్ళి షెడ్డు గుమ్మం పక్కన కూర్చుంది. "సంస్థకు వెన్నెముక" అని రాసినవాడు ఆమెను మెట్లు దింపినవాడే. గ్రూపులో ఆ మాట చదివినప్పుడు ఫోను గోడకేసి కొట్టాలనిపించింది. నాది ఖరీదైన ఫోను, కొట్టలేదు.

నేను కూడా మానేస్తానని ఫోను చేస్తే తిట్టింది. "నువ్వూ వచ్చీస్తే ఆ ఫైలు ఎవులు మార్చుతారు? ఉండు అక్కడే. రేపు పొద్దున్న హార్బరుకి రా" అంది.

వెళ్ళాను. ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆడవాళ్ళు క్యారేజీలతో ఆటోల్లోంచి దిగుతున్నారు. ఆపా వాళ్ళకి అడ్డంగా నిలబడింది. గుంపులో ముందు నడుస్తున్న పొడుగాటి మనిషి పైడమ్మ. ఒలిచేవాళ్ళందరికీ ఆమె మాటే మాట.

"నువ్వెవులమ్మా? ఇన్స్పెక్షనుకా?" అంది పైడమ్మ.

"కాదు. గుమ్మం కాడ కొత్త తెర పెట్టినారు కదా. లోనికెల్లే ముందు దాని కింద, లోపల్నుంచి వచ్చిన వైరు ప్లగ్గు పీకు. తెర ఎర్రబడి గంట మోగితే, మళ్ళీ పెట్టీసి లోనికెల్లు. మోగకపోతే ఎల్లకు."

"పచ్చగా ఉంటే మంచిదే కదేటి?"

"గాలి బాగుండి పచ్చగా ఉందో, తెర సచ్చిపోయి పచ్చగా ఉందో నీకెలా తెలుత్తాది?"

పైడమ్మ ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసింది. తిన్నగా షెడ్డు గుమ్మం వైపు నడిచింది. నా ఉద్యోగంలో ఎన్నో సూచనలు రాశాను, ఎన్నో చదివాను. అంత చిన్నది, అంత తేటగా అర్థమైనది, విన్నవాళ్ళు వెంటనే చేసింది నేను ఇంకొకటి చూడలేదు.

సూపర్‌వైజరు అడ్డమొచ్చాడు. "ముట్టుకోకండి, కంపెనీ సామాను" అన్నాడు. పైడమ్మ అతన్ని పక్కకి జరిపి ప్లగ్గు పీకింది. వైరు కిందికి వేలాడింది. తెర పచ్చగా, హాయిగా వెలుగుతోంది.

"ఓలమ్మ!" అంది వెనక నుంచి ఎవరో.

ఒక్కరు కూడా లోపలికి వెళ్ళలేదు. గేటు పక్కన గోడ నీడలో చతికిలబడ్డారు. కొందరు క్యారేజీలు విప్పుకున్నారు. లోపల ఐసు కరిగిపోతోంది, రొయ్యలు ఎదురుచూస్తున్నాయి. మేనేజరు ఫోన్ల మీద ఫోన్లు. కాసేపటికి నా ఫోను మోగింది. బాస్.

"ఎక్కడున్నావ్? అర్జంటుగా ఆ ఫైలు మార్చాల."

"హార్బరు దగ్గర."

"ఆవిడ నీ పక్కనుందేటి?"

"ఉంది."

"ఏటి రాయాలో అడుగు" అన్నాడు చివరికి.

స్పీకరు పెట్టాను. ఆపా గోడ నీడలోంచే చెప్పింది, ఆడవాళ్ళందరూ వింటుండగా. ఆ అత్యంత ముఖ్యం లైను తీసేయ్. దాని చోట ఇది రాయి. సెన్సరు నుంచి కొత్త రీడింగు రాకపోతే తెర ఎర్రబడాలి, గంట మోగాలి. పాత రీడింగు ఎప్పుడూ చూపించకూడదు. పని అయిందనే ముందు వైరు పీకి చూడాలి, గంట మోగితేనే అయినట్టు. అంతే. మిగతా పేజీలన్నీ కొట్టించేసింది. ఏజెంటు ఆ పూటే మార్చిపెట్టింది. ఒకటికి మూడు ఏజెంట్లతో చేయించి చూశాను, మూడూ ఒకేలా చేశాయి. ఆ చిన్న ఫైలుకి మార్కుల యంత్రం సగానికి సగం తగ్గించి వేసింది. మర్యాద లోపించిందట. ఆ సంగతి చెబితే ఆపా నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకుంది.

బాస్ మళ్ళీ రమ్మన్నాడు. ఆమె వెళ్ళలేదు. "మీట నా సేతిలో పెట్టి, నొక్కమని మెడ మీద కూకుంటాడు. నానెందుకు?" అంది. ఇంటి దగ్గరే వేరేవాళ్ళ ఫైళ్ళు చూసిపెడుతూ ఉండేది. నేను సందేహం వచ్చినప్పుడల్లా వెళ్ళి తిట్లు తినొచ్చేవాణ్ణి. ఒంట్లో బాగోలేదని తెలుసు. ఎంత బాగోలేదో ఎవరికీ చెప్పలేదు. నాకు కోపంగా ఉంది. అంత విడమర్చి చెప్పే మనిషి ఈ ఒక్కటీ చెప్పకుండా పోయింది.

పోయినవారం పొద్దున్నే హార్బరుకి వెళ్ళాను. వాళ్ళకి చెప్పాలనిపించింది. ఆడవాళ్ళు అప్పుడే షెడ్డు గుమ్మం దగ్గరికి చేరుతున్నారు.

"ఆపా పోయిందమ్మా" అన్నాను పైడమ్మతో.

"ఏ ఆపా?"

పేరు చెప్పాను. ఆమెకి తెలియలేదు. వాళ్ళకి ఆ పేరు ఎవరూ చెప్పలేదు, ఆపా కూడా చెప్పలేదు.

"వైరు పీకమన్నావిడ" అన్నాను.

పైడమ్మ క్యారేజీ కింద పెట్టింది. "సచ్చిపోనాదా?" అంది. రోజూ చేసే పనే కదా, తెర దగ్గరికి వెళ్ళి ప్లగ్గు పీకింది. తెర ఎర్రబడింది. గంట మోగింది. రోజూ అయితే మోగీ మోగగానే మళ్ళీ పెట్టేస్తారు. ఆమె పెట్టలేదు. ప్లగ్గు గుప్పిట్లో బిగించి అలాగే నిలబడింది. వెనక ఉన్నవాళ్ళెవరూ లోపలికి కదల్లేదు.

సూపర్‌వైజరు పరిగెత్తుకొచ్చాడు. "మోగింది కదా పైడమ్మా, పెట్టీ. టైమైపోతంది."

"మోగనీ."

"ఎంతసేపు?"

"మోగనీ అన్నానా!" అని అరిచింది పైడమ్మ. కళ్ళు తుడుచుకోవడానికి కూడా గుప్పిట విప్పలేదు.